చదివినవాళ్ళు చెప్పిన పుస్తకం

పుస్తకాలు చదివే అలవాటున్న ఇద్దరు కలుసుకుంటే, కుశల ప్రశ్నలు అయ్యాక వచ్చే మొదటి మాట "ఇప్పుడేం చదువుతున్నారు?" అనే. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుతోనే ఎన్నో పుస్తకాలు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేరుతుంటాయి. సినిమాకూ సబ్బుకూ ఉన్నట్టు పుస్తకానికి ప్రకటనలు ఉండవు. తెలుగులో సాహిత్య పుస్తకాలు చాలావరకు వెయ్యి ప్రతులో, అంతకు తక్కువో అచ్చవుతాయి. చాలాసార్లు రచయితే ప్రచురణకర్త కూడా. అచ్చు ఖర్చు పోను ప్రచారానికి పైసా మిగలదు. పత్రికల్లో సమీక్షకు దక్కేది ఒకటి రెండు పేరాల చోటు. అందుకే తెలుగు పుస్తకం బతుకు చదివినవారి నోటిమాట మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ఈ నోటిమాటలో రెండు పనులున్నాయి. తాము చదువుతున్న పుస్తకం గురించి చెప్పుకోవడం ఒకటి. ఫలానా పుస్తకం చదవమని ఇంకొకరికి చెప్పడం రెండోది. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కానీ మొదటిది చెప్పేవారి సంతోషం కోసం, రెండోది వినేవారి అవసరం కోసం. ఈ తేడా మరిచిపోవడం వల్లే చాలా సిఫారసులు గాలికి పోతాయి.

పడవలో వచ్చిన పుస్తకాలు

తెలుగునాట పుస్తకం చేతులు మారడం వెనక పెద్ద చరిత్రే ఉంది. 20వ శతాబ్దం మొదట్లో చదువు వచ్చినవారే తక్కువ, పుస్తకం కొనగలిగినవారు ఇంకా తక్కువ. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. 1914లో విజయవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించే పనికి పూనుకున్నారు. వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918 నాటిది.

ఈ ఉద్యమం పాఠకుడు గ్రంథాలయానికి వచ్చేదాకా ఎదురుచూడలేదు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. రోడ్లు సరిగ్గా లేని ఆ రోజుల్లో కాలువలే రహదారులు. ప్రయాణికులకు దారి పొడవునా చదువుకోవడానికి పుస్తకం దొరికేది, గట్టు మీది ఊళ్ళకు పుస్తకాలు అందేవి. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించి, పుస్తకాలు స్వయంగా మోసుకుని తిరుగుతూ అమ్మారు. నిజాం పాలనలో తెలుగు పుస్తకం కంటపడటమే అరుదుగా ఉన్న కాలం అది. అలాంటి చోట పుస్తకం అమ్మే మనిషి అందులో ఏముందో కూడా చెప్పగలగాలి. చెప్పేవాడు, ఇచ్చేవాడు ఒక్కడే కావడం ఆ తరం ప్రత్యేకత.

పల్లె గ్రంథాలయాల్లో ఇంకో అలవాటు ఉండేది. చదువు వచ్చిన ఒకరు పత్రికనో పుస్తకాన్నో పైకి చదువుతుంటే మిగిలినవారు చుట్టూ కూర్చుని వినేవారు. పురాణ కాలక్షేపం అలవాటైన ఊళ్ళకు ఇది కొత్తగా అనిపించలేదు. చదివాక దాని మీద మాట్లాడుకోవడం, వాదించుకోవడం కూడా అక్కడే జరిగేది. ఇప్పుడు పఠన బృందాలని పిలుచుకుంటున్నవాటికి అరుగుల మీద జరిగిన ఆ చదువులే మొదటి రూపం.

బైండు చేసిన సీరియళ్ళు, అద్దె పుస్తకాల కొట్లు

స్వాతంత్ర్యం తర్వాత, ముఖ్యంగా 1960 నుంచి 1990 దాకా, తెలుగు ఇళ్ళలో చదువు వారపత్రికల చుట్టూ తిరిగింది. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చేవి. పత్రిక వచ్చిన రోజున ఇంట్లో ఎవరు ముందు చదవాలన్నదే తగువు. చదవడం అయ్యాక సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి దాచేవారు. నవల పూర్తయ్యాక ఆ పేజీలన్నీ వరుసలో పెట్టి, అట్ట వేయించి, బైండు చేయించేవారు. కథ పక్కనే అరపేజీ తలనూనె ప్రకటన, వెనక వైపు వేరే కథ చివరి భాగం, మధ్యలో తప్పిపోయిన వారం ఉండాల్సిన చోట "ఈ వారం దొరకలేదు" అని సిరా రాత. ఇలాంటి బైండ్లు బంధువుల ఇళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తిరిగేవి. ఏ సీరియల్‌ను బైండు చేయించాలి, దేన్ని పాత కాగితాల వాడికి వేయాలి అన్న నిర్ణయమే ఆ ఇంటి తీర్పు. బైండు అయిన నవల అంటే పదిమందికి ఇవ్వదగిన నవల.

పట్టణాల్లో ఆ పని అద్దె పుస్తకాల కొట్లు చేశాయి. కొంత డిపాజిట్ కట్టి, రోజుకు ఇంతని అద్దె ఇచ్చి నవల తెచ్చుకోవచ్చు. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలలు అక్కడ అల్మారాలో నిలిచేవి కావు. కొట్టు యజమానికి ఎవరి అభిరుచి ఏమిటో కంఠతా తెలిసి ఉండేది. "మీకిది నచ్చదండీ, రేపు ఇంకోటి వస్తుంది" అని చెప్పగలిగేవాడు. పుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో పాఠకుల అభిప్రాయాలు ఉండేవి. ఒకరు "చాలా బాగుంది" అని రాస్తే, కింద మరొకరు "మొదటి సగం మాత్రమే" అని సవరించేవారు. కొన్నిసార్లు హంతకుడెవరో మొదటి పేజీలోనే రాసిపెట్టే తుంటరులూ ఉండేవారు.

గ్రంథాలయం పుస్తకంలో వెనక అట్ట దగ్గర అంటించిన తేదీల చీటీ కూడా ఒక సిఫారసే. ముద్రలతో నిండిపోయి, దాని మీద ఇంకో చీటీ అంటించి ఉంటే, ఆ పుస్తకాన్ని ఊరు చదివిందని అర్థం. ఇరవై ఏళ్ళలో రెండే ముద్రలు పడిన పుస్తకం పనికిరానిదని మాత్రం అనుకోనక్కర్లేదు. దాని గురించి ఎవరూ ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు.

పుస్తకాల దుకాణాలదీ ఇందులో తక్కువ పాత్ర కాదు. విజయవాడ ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర, నవోదయ వంటి దుకాణాలు కొనుగోలుదారులకే కాక రచయితలకూ పాఠకులకూ కలుసుకునే చోట్లయ్యాయి. సోవియట్ ప్రచురణ సంస్థలు మాస్కోలో తెలుగులోకి అనువదింపజేసి అచ్చువేసిన పుస్తకాలు విశాలాంధ్ర ద్వారా అతి తక్కువ ధరకు దొరికేవి. అలా రష్యన్ నవలలు, బొమ్మల పిల్లల పుస్తకాలు తెలుగు పల్లెల దాకా వెళ్ళాయి. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటివారి అనువాదాల వల్ల బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబును తెలుగు రచయితే అనుకున్న పాఠకులూ ఉన్నారు.

నెలకొక పుస్తకం

పదిమంది ఒకే పుస్తకం చదివి, ఒక రోజున కూర్చుని మాట్లాడుకోవడం పఠన బృందం పద్ధతి. అమెరికాలో 1878లో మొదలైన షటాక్వా సాహిత్య, శాస్త్ర బృందం నాలుగేళ్ళ పఠన ప్రణాళికతో, కళాశాలకు వెళ్ళలేని వేలమందిని పుస్తకాల దగ్గరికి చేర్చింది. 1998లో సియాటిల్ నగర గ్రంథాలయంలో పనిచేసే నాన్సీ పెర్ల్ బృందం నగరమంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుందని ఒక కార్యక్రమం పెట్టింది. తర్వాత ఎన్నో నగరాలు దాన్ని అనుసరించాయి.

సరిగ్గా ఆ 1998లోనే డెట్రాయిట్ పరిసరాల్లోని తెలుగువారు కొందరు డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితిని మొదలుపెట్టారు. ముందుగా అనుకున్న పుస్తకం చదువుకుని రావడం, నెలనెలా కలిసి దాని మీద చర్చించడం దాని పద్ధతి. తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన దూరదేశంలో ఇలాంటి బృందానికి రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి, చదవడానికి ఒక గడువు ఏర్పడుతుంది. రెండోది, ఒంటరిగా చదివితే పక్కన పడేసే పుస్తకాన్ని కూడా మాట్లాడాలన్న బాధ్యతతో చివరిదాకా చదువుతారు.

ఇలాంటి సమావేశాలు నడిచే తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే అందరికీ మాట్లాడే వీలుంటుంది. ఇరవై దాటితే సభ అవుతుంది, ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు. పుస్తకాన్ని వంతులవారీగా ఒక్కొక్కరు ఎంపిక చేస్తే ఒకరి అభిరుచే అందరి మీదా రుద్దినట్టు కాదు. ఎంపిక చేసినవారు మొదట ఐదారు నిమిషాల్లో రచయిత నేపథ్యం, పుస్తకం వచ్చిన కాలం చెబుతారు. ఆ తర్వాత నచ్చనివారిని ముందు మాట్లాడమంటే చర్చ వేడెక్కుతుంది. మెచ్చుకోళ్ళతో మొదలైతే భిన్నాభిప్రాయం ఉన్నవారు మొహమాటపడి ఊరుకుంటారు. చివరి పది నిమిషాలు "ఇది కాక ఇంకేం చదువుతున్నారు?" అన్న ప్రశ్నకు వదిలేస్తే, వచ్చే నెలల పుస్తకాలు అక్కడే దొరుకుతాయి.

ఎవరికి ఏ పుస్తకం

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలు ప్రపంచమంతటా గ్రంథపాలకులకు పాఠం. పుస్తకాలు ఉన్నది వాడటానికే. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉంటుంది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉంటాడు. పాఠకుడి సమయం వృథా చేయకూడదు. గ్రంథాలయం పెరుగుతూనే ఉండే జీవి. ఇందులో రెండు, మూడు, నాలుగు సూత్రాలు గ్రంథపాలకులకు ఎంత వర్తిస్తాయో పుస్తకం గురించి స్నేహితుడికి చెప్పే మామూలు పాఠకుడికీ అంతే వర్తిస్తాయి. పుస్తకం బాగుందా అన్నది సగం ప్రశ్నే. ఎవరికి బాగుంటుంది అన్నది అసలు ప్రశ్న.

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ "వేయిపడగలు", అడివి బాపిరాజు "నారాయణరావు" నవలలకు కలిపి ఇచ్చింది. న్యాయనిర్ణేతలు సమంగా తూచినా పాఠకులు మాత్రం అలా తూచరు. ఒక సంప్రదాయం కూలిపోతున్న వైనాన్ని వందల పేజీల్లో, శాఖోపశాఖలుగా, ఓపికగా చదవగలిగినవారికి "వేయిపడగలు". కళల మీద, మనుషుల మీద ప్రేమతో సాగే సుతిమెత్తని కథనం కోరేవారికి "నారాయణరావు". ఒకరికి చెప్పాల్సింది మరొకరికి చెబితే రెండు పుస్తకాలకూ అన్యాయమే.

నాన్సీ పెర్ల్ ఈ విషయాన్ని నాలుగు తలుపుల లెక్కలో చెబుతుంది. పాఠకుడు పుస్తకంలోకి కథ అనే తలుపు ద్వారానో, పాత్రల ద్వారానో, నేపథ్యం ద్వారానో, భాష ద్వారానో ప్రవేశిస్తాడు. ఒక్కో పుస్తకంలో ఒక్కో తలుపు పెద్దది. ఎవరు ఏ తలుపు గుండా వెళ్ళడానికి ఇష్టపడతారో తెలిస్తే ఏ పుస్తకం ఇవ్వాలో తేలుతుంది.

తెలుగు పుస్తకాలతో దీన్ని సరిచూసుకోవచ్చు. కథ కోసం, తర్వాత ఏమవుతుందన్న ఆత్రం కోసం చదివేవారికి కేశవరెడ్డి "అతడు అడవిని జయించాడు" సరిపోతుంది. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ఒక ముసలివాడి కథ అది. పేజీలు తక్కువ, ఒక్క రాత్రిలో నడుస్తుంది, ఒక్క బిగిన చదివించేస్తుంది. పాత్రలు కావాలనుకునేవారికి రాచకొండ విశ్వనాథశాస్త్రి "అల్పజీవి" ఉంది. అందులో సుబ్బయ్య అనే భయస్తుడి మనసులో తిరిగే ఆలోచనలే నవల. సంఘటనల కోసం వెతికేవారికి అది విసుగు పుట్టిస్తుంది, మనిషిని లోపలి నుంచి చూడాలనుకునేవారికి మరపురాదు. నేపథ్యం ఇష్టమైనవారికి సత్యం శంకరమంచి "అమరావతి కథలు", దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" చెప్పవచ్చు. మొదటిదాంట్లో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరు నూరు కథలుగా విప్పుకుంటుంది. రెండోదాంట్లో దొరల గడీల నాటి తెలంగాణ పల్లె కళ్ళకు కడుతుంది. భాష కోసం చదివేవారికి నామిని సుబ్రమణ్యం నాయుడు కథలు ఇస్తే చిత్తూరు జిల్లా పల్లె మాట చెవిలో మోగుతుంది. ఆ యాసే కొందరికి మొదటి నాలుగు పేజీల దాకా అడ్డం పడుతుంది కూడా. ఆ సంగతి ముందే చెప్పి ఇవ్వడం మంచి సిఫారసు లక్షణం.

నవ్వుకోవడానికి ఏదైనా కావాలన్నవారికి మొక్కపాటి నరసింహశాస్త్రి "బారిష్టర్ పార్వతీశం" తరాలుగా చేతులు మారుతూనే ఉంది. మొగల్తూరు నుంచి బయల్దేరి ఇంగ్లండు వెళ్ళే ఆ యువకుడి అమాయకత్వం చదవడం ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంటున్నవారిని కూడా పట్టి కూర్చోబెడుతుంది. చదవడం మానేసి ఏళ్ళయినవారికి మళ్ళీ మొదలుపెట్టడానికి బరువైన నవలకంటే ఇలాంటిదే మేలు.

సిఫారసులో ఉండాల్సినవి ఐదారు విషయాలే. పుస్తకం దేని గురించి, ఎంత పెద్దది, నడక వేగమా నింపాదా, భాష ఎలాంటిది, మనసును కలచివేసే ఘట్టాలేమైనా ఉన్నాయా, ఎక్కడ దొరుకుతుంది. ఆఖరిది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ తెలుగులో అదే పెద్ద అడ్డంకి. మంచి పుస్తకాలు ఎన్నో పునర్ముద్రణ లేక పాత పుస్తకాల వాళ్ళ దగ్గరే దొరుకుతున్నాయి. హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల మధ్య వెతికే పాఠకులు అందుకే తగ్గలేదు. "అద్భుతం, తప్పక చదవాలి" అన్న మాటల వల్ల ఈ వివరాల్లో ఒక్కటీ తెలియదు. ఎంత ఎక్కువసార్లు వాడితే ఆ మాటల విలువ అంత తగ్గుతుంది.

సగంలో ఉన్న పుస్తకం

పూర్తయిన పుస్తకం గురించి చెప్పడం తీర్పు. సగంలో ఉన్న పుస్తకం గురించి చెప్పడం వార్త. వార్తకు ఉండే తాజాదనం తీర్పుకు ఉండదు. ఇప్పుడే ఫలానా అధ్యాయం చదివాను, ఇక్కడిదాకా ఇలా ఉంది అని చెప్పేటప్పుడు గొంతులో ఉండే ఉత్సాహం వినేవారికీ అంటుకుంటుంది. అయితే సగం చదివిన పుస్తకాన్ని పూర్తి నమ్మకంతో ఇతరులకు అంటగట్టడం తొందరపాటు. రెండో సగంలో చతికిలపడే నవలలు తక్కువేమీ కాదు. ఎంతవరకు చదివారో చెప్పి, అంతవరకే అభిప్రాయం చెప్పడం సరైన పద్ధతి.

మధ్యలో వదిలేసిన పుస్తకాల గురించి చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. కానీ ఎక్కడ వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నది వినేవారికి ఎంతో పనికొచ్చే సమాచారం. ఎంతవరకు ఓపిక పట్టాలన్నదానికి కూడా నాన్సీ పెర్ల్ ఒక సూత్రం చెప్పింది. 50 పేజీలు చదివినా పుస్తకం పట్టుకోకపోతే వదిలేయవచ్చు. పాఠకుడి వయసు 50 దాటితే, 100 లోంచి వయసు తీసివేయగా మిగిలినన్ని పేజీలు చాలు. అంటే 70 ఏళ్ళవారు 30 పేజీలకే తేల్చుకోవచ్చు.

కథ ముగింపు, కీలకమైన మలుపు బయటపెట్టకపోవడం ఇక్కడ పాటించాల్సిన మర్యాద. కథ మొదటి పావు భాగంలో తెలిసే విషయాలు చెప్పడంలో తప్పు లేదు. ఆ తర్వాతివి చెప్పాల్సి వస్తే అవతలివారు చదివారో లేదో అడిగి చెప్పాలి. ముగింపు అందరికీ తెలిసిన "కన్యాశుల్కం" లాంటివాటికి ఈ నియమం అక్కర్లేదు. గిరీశం చివరికి ఏమవుతాడో తెలిసినా ఆ నాటకం చదవడంలో రుచి తగ్గదు.

జాబితాలు, సంకలనాలు

వ్యక్తి వ్యక్తికి చెప్పే మాట పదిమందికి ఒకేసారి చేరాలంటే జాబితా కావాలి. తెలుగు కథ విషయంలో ఆ పనిని కథాసాహితి 1990 నుంచి చేస్తోంది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో, ఆ ఏడాది పత్రికల్లో వచ్చిన వందల కథల్లోంచి కొన్నిటిని ఏరి "కథ" పేరుతో సంకలనాలుగా ప్రచురించారు. అన్ని పత్రికలూ కొనలేని, అన్ని కథలూ చదవలేని పాఠకుడికి అది తేలికైన దారి. ఎంపిక మీద ఏటా విమర్శలు రావడం కూడా మంచిదే. ఫలానా కథ ఎందుకు లేదని అడిగేవాడు ఆ కథను నలుగురికీ పరిచయం చేస్తున్నట్టే.

ఏరడం ఒక పని అయితే, ఏదీ వదలకుండా దాచడం మరో పని. కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో 1997లో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే ప్రయత్నం. ఎవరో ఎప్పుడో చదివి చెప్పిన కథ, ఏ పత్రికలో వచ్చిందో సరిగ్గా గుర్తులేని కథ వెతకాలంటే ఇలాంటి చోటే దిక్కు. విజయవాడలో 1989 నుంచి జనవరి మొదట్లో జరుగుతున్న పుస్తక మహోత్సవం, హైదరాబాదు పుస్తక ప్రదర్శన కూడా ఏడాదికోసారి పాఠకులను ఒకచోట చేర్చే సందర్భాలు. అక్కడికి జాబితా రాసుకుని వెళ్ళేవారు, దుకాణం ముందు పక్కవారు తీసుకున్న పుస్తకం పేరు చూసి తామూ కొనుక్కునేవారు, రెండు రకాలవాళ్ళూ కనిపిస్తారు.

ఇచ్చిపుచ్చుకోవడం, మొహమాటాలు

పుస్తకం పేరు చెప్పడం కంటే పుస్తకమే చేతిలో పెట్టడం బలమైన సిఫారసు. కానీ అప్పిచ్చిన పుస్తకం తిరిగి రాదన్న ఫిర్యాదు పుస్తకాలంత పాతది. చిన్న నోటుపుస్తకంలో ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రాసుకోవడం, ఒక నెల గడువు పెట్టడం, లోపలి అట్ట మీద పేరు రాయడం పాత పాఠకులు పాటించే పద్ధతులు. తీసుకున్నవారు పేజీ మూలలు మడవకుండా, గీతలు గీయకుండా తిరిగి ఇవ్వడం కనీస మర్యాద. పుస్తకం ఇవ్వడం ఇష్టం లేనివారు పేరు, ప్రచురణకర్త వివరాలు చెప్పి కొనుక్కోమంటే సరిపోతుంది.

ఇటీవల పుస్తకాన్ని స్కాన్ చేసి ఫోన్లలో పంపడం కూడా పంచుకోవడం కిందే చెలామణి అవుతోంది. కాపీరైటు గడువు తీరిన పాత గ్రంథాల విషయంలో అది మేలే. బతికున్న రచయిత సొంత డబ్బుతో అచ్చువేసుకున్న పుస్తకాన్ని అలా పంపితే ఆ రచయిత మరో పుస్తకం వేసే దారి మూసుకుపోతుంది. భారతదేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది.

తెలుగు పాఠక లోకంలో సిఫారసుకు మరికొన్ని జాడ్యాలున్నాయి. పుస్తకావిష్కరణ సభల్లో పొగడటమే రివాజు. తెలిసినవారి పుస్తకం మీద నిజమైన అభిప్రాయం చెప్పడానికి మొహమాటం. వాదాల వారీగా విడిపోయి, తమ వర్గం పుస్తకాలే తమవారికి చెప్పుకోవడం. అవే పది పన్నెండు పేర్లు తిప్పి తిప్పి వల్లించడం. చదవని పుస్తకాన్ని చదివినట్టు మాట్లాడటం. వీటివల్ల నష్టపోయేది కొత్త రచయిత, కొత్త పాఠకుడు. ప్రతి ఐదు పాత పుస్తకాలకూ ఒక కొత్త పుస్తకం, ప్రతి ఐదు నవలలకూ ఒక వ్యాస సంపుటో, యాత్రాకథనమో, ఆత్మకథో చేరిస్తే చెప్పుకునే మాటల్లో వైవిధ్యం వస్తుంది.

మొదలుపెట్టడానికి

పఠన బృందం పెట్టడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. నలుగురు మనుషులు, నెలకు ఒక పూట, రెండువందల పేజీలు మించని మొదటి పుస్తకం చాలు. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో, శాఖా గ్రంథాలయాల్లో కూర్చోవడానికి చోటు ఉంటుంది. ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ప్రజలు కడుతూనే ఉన్నారు కాబట్టి ఆ చోటు వారిదే. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలు ఇలాంటి బృందం ప్రారంభించడానికి అనువైన సమయం. మొదటి సమావేశంలో ప్రతి ఒక్కరూ తాము ఇప్పుడు చదువుతున్న పుస్తకం ఒకటి, ఇతరులకు చెప్పదలచిన పుస్తకం ఒకటి తెస్తే, ఆరు నెలలకు సరిపడా చదువు ఆ రోజే బల్ల మీదికి వస్తుంది. పిల్లలను కూడా పిలవాలి. పిల్లలు మెచ్చిన పుస్తకాన్ని పిల్లలే చెబితే పెద్దలు చెప్పినదానికంటే త్వరగా మరో పిల్లవాడికి చేరుతుంది.

బృందం లేనివారు కూడా ఒక పని చేయవచ్చు. పుస్తకం చదవడం పూర్తయ్యాక, అది నచ్చే మనిషి ఎవరో ఆలోచించి, ఆ ఒక్కరికి, వారికే ఎందుకు నచ్చుతుందో చెప్పి చూడాలి. వందమందికి ఒకేసారి పంపిన పొగడ్త కంటే ఆ ఒక్క మాటకే పుస్తకం ఎక్కువగా చదివించుకుంటుంది.